‘కంపాటిబుల్ కాదు’ అనగానే మదర్‌బోర్డు మార్చేయకండి

డెస్క్‌టాప్ పీసీ వాడే మన కుర్రాళ్ల జేబుకి పెద్ద చిల్లు పెట్టే మాట ఏదని నన్నడిగితే, ‘గ్రాఫిక్స్ కార్డు రేటు పెరిగింది’ అన్నది కాదంటాను. ‘నీ సిస్టమ్‌కి ఈ కార్డు కంపాటిబుల్ కాదు’ అన్న మాట. కొత్త కార్డు పెట్టాక స్క్రీన్ నల్లగా ఉండిపోయినా అదే మాట. గేమ్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అయినా అదే. ఫ్రేమ్‌లు పాత కార్డు కంటే తక్కువొచ్చినా అదే. షాపు కౌంటర్ దగ్గర, వాట్సాప్ గ్రూపులో, యూట్యూబ్ కామెంట్లలో ఎక్కడడిగినా జవాబు మారదు. దాని వెనకే ఉచిత సలహా ఒకటి: బోర్డు మార్చు. బోర్డు మారిస్తే ప్రాసెసర్ మార్చాలి, ప్రాసెసర్ మారిస్తే ర్యామ్ కూడా మార్చాల్సి రావచ్చు. పాతికవేలు పోగేసి కార్డు కొన్నవాడు మళ్లీ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొత్త కార్డు పెట్టాక వచ్చే గొడవల్లో కార్డుకీ బోర్డుకీ నిజంగా పడకపోవడం అనేది చాలా అరుదు. ఎక్కువసార్లు దొంగ వేరే చోట ఉంటాడు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో, బయోస్‌లో మార్చకుండా వదిలేసిన ఒక సెట్టింగ్‌లో, పాత డ్రైవర్ మిగుల్లో, ఒక్కోసారి మానిటర్ కేబుల్ పెట్టిన రంధ్రంలో. వీటిలో చాలావరకు రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. తేల్చకుండా పార్ట్‌లు మార్పించడం రిపేర్ కాదు, అమ్మకం.

అసలు ఈ ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే మాట ఎక్కడిదో చూద్దాం. ఒకప్పుడు ఇది అక్షరాలా నిజం. పాత ఐఎస్‌ఏ స్లాట్ల కాలంలో పీసీలో ఇంటరప్ట్ లైన్లు 0 నుంచి 15 దాకా, మొత్తం 16 మాత్రమే ఉండేవి. కీబోర్డుకి ఒకటి, టైమర్‌కి ఒకటి, హార్డ్ డిస్క్‌కి ఒకటి పోగా మిగిలినవాటి కోసం సౌండ్ కార్డు, మోడెమ్, ప్రింటర్ పోర్టు కొట్టుకునేవి. రెండు కార్డులు ఒకే లైన్ మీద కూర్చుంటే రెండూ పనిచేయవు. కార్డు బయటకి తీసి, దాని మీద ఉన్న చిన్న జంపర్‌ని ఇంకో పిన్ను మీదకి మార్చి, మళ్లీ పెట్టాలి. విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చాక కూడా కొన్నాళ్లు ఆ బాధ పోలేదు.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక కథ మారిపోయింది. 2003లో వచ్చిన ఈ ప్రమాణంలో పరికరాలు లైన్ల కోసం కొట్టుకోవాల్సిన పని లేదు. ఇంటరప్ట్‌ని కూడా ఒక సందేశంలా పంపుతాయి. పైగా ప్రతి కొత్త తరం పాతదానితో కలిసి పనిచేసేలా రాసుకొచ్చారు. 4.0 కార్డుని 3.0 స్లాట్‌లో పెడితే రెండూ మాట్లాడుకుని 3.0 వేగం దగ్గర కుదురుకుంటాయి. ఎవరో ఒకరు తగ్గుతారు, అంతే. కానీ ఆ పాత పదం మాత్రం కౌంటర్ దగ్గర అలాగే ఉండిపోయింది.

ఇప్పటికీ నిజమైన రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ ఒకటుంది, అది కూడా దాక్కోదు. డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు గుర్తు ఉండి, ప్రాపర్టీస్‌లో ‘కోడ్ 12’ కనిపిస్తే కార్డుకి కావాల్సినంత అడ్రస్ స్థలం దొరకలేదని అర్థం. చాలాసార్లు బయోస్‌లో ‘అబోవ్ 4జీ డీకోడింగ్’ ఆన్ చేస్తే సరిపోతుంది. ‘కోడ్ 43’ వేరు. పరికరం తనలో సమస్య ఉందని చెప్పింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసిందని దానర్థం. డ్రైవర్ కావచ్చు, నిజంగానే కార్డు పోయి ఉండొచ్చు. రెండు కోడ్‌లకీ తేడా చూడకుండా ‘సపోర్ట్ చేయట్లేదు’ అనేస్తే ఎలా?

192 వాట్ల కథ

మా పిన్ని కొడుకు తెనాలిలో ఉంటాడు. బీటెక్ చదువుతూ ఓ ఫొటో స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి పెడుతుంటాడు. ముహూర్తాలున్న నెలల్లో వాడి చేతి ఖర్చులే కాదు, కాలేజీ ఫీజులో కొంత భాగం కూడా దాని మీదే. రెండు సీజన్ల డబ్బు దాచి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కొన్నాడు. వాడి సిస్టమ్‌లో ఐ5-10400ఎఫ్, బీ460 బోర్డు. కార్డు పెట్టాడు, డిస్‌ప్లే వచ్చింది, డెస్క్‌టాప్ మీద అంతా బాగానే ఉంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం పది నిమిషాల్లో సిస్టమ్ టప్పున ఆగి మళ్లీ స్టార్ట్ అవుతోంది. అవతల స్టూడియో వాళ్లు ఆదివారంలోగా వీడియో కావాలంటున్నారు.

దగ్గర్లో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్లాడు. కవర్ తీసి చూసి వాళ్లు చెప్పిందిది: ‘బోర్డు పీసీఐ 3, కార్డు పీసీఐ 4. రెండూ కొట్టుకుంటున్నాయి.’ బోర్డు, ప్రాసెసర్ కలిపి 22 వేలు అవుతుందన్నారట. వాడు నాకు ఫోన్ చేసి, “అన్నా, బోర్డు మార్చాలంట. పాత కార్డు, బైక్ రెండూ అమ్మేస్తే సరిపోతాయా?” అన్నాడు.

“బైక్ సంగతి తర్వాత. ముందు ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ ఫొటో తీసి పెట్టరా,” అన్నాను.

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అది. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి దగ్గర 16 ఆంప్స్. ఈ గడినే చూడాలి. పీసీలో ఎక్కువ కరెంటు తాగే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే బతుకుతాయి. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060కి ఎన్విడియా చెప్పిన లెక్కే 170 వాట్లు. 10400ఎఫ్‌కి ఇంటెల్ చెప్పిన మామూలు లెక్క 65, బూస్ట్‌లో అంతకంటే ఎక్కువ తీస్తుంది. రెండూ కలిపితే 235. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా కలపలేదు. పైన రాసిన 500కీ లోపల ఉన్న 192కీ మధ్య తేడాయే వాడి ‘కాన్‌ఫ్లిక్ట్’.

ఇంకో ఘోరం కూడా ఉంది. ఆ ఎస్‌ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డు కోసం 8 పిన్ కేబులే లేదు. పాత హార్డ్ డిస్కులకి వాడే మోలెక్స్ నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్ ఒకటి తగిలించి ఉంది. 8 పిన్ కనెక్టర్ 150 వాట్ల దాకా ఇవ్వాలన్నది ప్రమాణం. ఆ భారాన్ని సన్నటి మోలెక్స్ తీగల మీద వేస్తే సిస్టమ్ ఆగిపోవడమే అదృష్టం అనుకోవాలి. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేది తర్వాతి మెట్టు.

ఊహతో ఆగకుండా ఒక పరీక్ష చేయించాను. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 65 శాతానికి తగ్గించి, చిన్న క్లిప్ ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టమన్నాను. కార్డు 110 వాట్ల దగ్గర ఆగిపోయింది, ఎక్స్‌పోర్ట్ చివరిదాకా నడిచింది. రోజూ అలా వాడమని కాదు, ఆ అడాప్టర్‌తో అసలే వద్దు. పవర్ తగ్గిస్తే జబ్బు తగ్గిందంటే జబ్బు పవర్‌దే అని తేలడానికి అది చాలు. మర్నాడు 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ నాలుగున్నర వేలకి తెచ్చుకున్నాడు. బోర్డు అదే, ప్రాసెసర్ అదే, పీసీఐ 3 స్లాటూ అదే. వీడియో శనివారం రాత్రికి వెళ్లింది, బైక్ ఇంట్లోనే ఉంది.

ఇదేదో ఒక్క షాపు తెలివితక్కువతనం అని కొట్టిపారేయలేను. కార్డు రివ్యూలు చదివి కొనేవాళ్లకి ఈ సంగతి కనపడే అవకాశం తక్కువ, ఎందుకంటే రివ్యూ బెంచీల మీద 850, 1000 వాట్ల మంచి సప్లైలే ఉంటాయి. మన ఇళ్లలో ఉన్నది క్యాబినెట్‌తో వచ్చిన తేలికపాటి డబ్బా. (చేతిలో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ బాక్సులా ఉంటుంది చూడండి, అదే.) దాని బదులు మదర్‌బోర్డు మీద అనుమానపడటం, కడుపు ఖాళీగా ఉన్నవాడికి గుండె ఆపరేషన్ రాసినట్టు ఉంటుంది.

ముందు లక్షణం చదవండి

డాక్టర్ దగ్గరకెళ్లి ‘బాలేదు’ అంటే ఏం చెప్తాడు? ‘గేమ్ క్రాష్ అవుతోంది’ అన్నదీ అలాంటిదే. ఎలా అవుతోందన్నది ముఖ్యం.

లోడ్ పడగానే మొత్తం సిస్టమ్ ఆరిపోయి దానంతటదే స్టార్ట్ అయితే మొదటి అనుమానం పవర్ మీద. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనపడుతుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు ఇచ్చేవాళ్లున్నారు. ఆ ఎంట్రీకి అర్థం విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే, కారణం అది చెప్పదు. అందుకే పైన చెప్పిన పవర్ లిమిట్ పరీక్ష. కార్డులు క్షణంలో చాలా చిన్న భాగం పాటు తమ లెక్క కంటే బాగా ఎక్కువ లాగుతాయి కూడా. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ పెద్ద కార్డులతో ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఇలాంటి కుదుపులు తట్టుకోవాలని విడిగా రాశారు. కాబట్టి ‘లెక్క కరెక్టుగా సరిపోయింది’ అన్న చోట ఎస్‌ఎంపీఎస్ కొనకండి, కాస్త ఎక్కువ ఉంచుకోండి.

కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలు పెట్టకుండా రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ఇంకొకటి, ఇది మాత్రం ప్రాణం మీదకి తెచ్చే విషయం: ఒక కంపెనీ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఇంకో కంపెనీదానికి పెట్టకండి. ప్లగ్ సరిగ్గా పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. కార్డు, బోర్డు, డిస్కులు ఒక్క సెకనులో పోతాయి.

సిస్టమ్ ఆరిపోకుండా స్క్రీన్ మాత్రం నల్లగా అయి రెండు మూడు సెకన్లలో తిరిగొచ్చిందంటే కథ వేరు. కార్డు నుంచి రెండు సెకన్ల పాటు జవాబు రాకపోతే విండోస్ డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. లాగ్‌లో 4101 నంబర్‌తో ఉంటుంది. ఇక్కడ డ్రైవర్, ఓవర్‌క్లాక్, వేడి, ర్యామ్ ఎక్స్‌ఎంపీ సెట్టింగ్, ఈ వరసలో చూసుకుంటూ రండి. డ్రైవర్ విషయం పెద్దగా చెప్పాల్సింది లేదు. పాత కార్డు రేడియాన్, కొత్తది జీఫోర్స్ అయితే (లేదా తిరగేసి) ఇంటర్నెట్ కేబుల్ పీకి, సేఫ్ మోడ్‌లో డీడీయూతో తుడిచి, ముందే దింపి ఉంచుకున్న కొత్త డ్రైవర్ వేసుకోండి. నెట్ ఎందుకు పీకాలంటే, మీరు తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకి నచ్చిన డ్రైవర్ తెచ్చి కూర్చోబెడుతుంది. అంతే. దీనికి విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టక్కర్లేదు.

మొదటి నుంచీ డిస్‌ప్లేనే రాకపోతే? ముందు సిగ్గుపడకుండా కేబుల్ ఎక్కడుందో చూడండి. హెచ్‌డీఎంఐ బోర్డు వెనక ఉన్న పోర్టులో కాదు, కార్డు పోర్టులో ఉండాలి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు పోర్టు ఎప్పటికీ వెలగదు. గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయినా, కొత్త కార్డు కనపడగానే చాలా బోర్డులు ఆ పోర్టుని ఆపేస్తాయి. ఆపకపోతే ఇంకా తమాషా: బొమ్మ వస్తుంది, గేమ్ మాత్రం ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీద ఈడుస్తూ నడుస్తుంది, మనం కొత్త కార్డుని తిట్టుకుంటాం. కేబుల్ సరిగ్గానే ఉంటే, కార్డు స్లాట్‌లో ‘క్లిక్’ మని కూర్చుందా, కార్డు పవర్ కేబుల్ చివరిదాకా దిగిందా చూడండి. ఈ మధ్య బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటున్నాయి. వీజీఏ లైట్ వెలిగి అలాగే ఉంటే బోర్డు కార్డు దగ్గర ఆగిపోయిందన్నమాట.

అప్పటికీ రాకపోతే బయోస్. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ‘కంపాటిబుల్ కాదు’ అన్న మాటకి దగ్గరగా వచ్చే చోటు ఇదే. పాత తరహా బూట్ కోసం బయోస్‌లో సీఎస్‌ఎం అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కొన్ని కొత్త కార్డులు నల్ల స్క్రీన్ ఇస్తాయి. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 సిరీస్ కార్డులు కొన్ని బోర్డుల మీద రీబూట్ తర్వాత ఖాళీ స్క్రీన్ చూపిస్తుంటే ఎన్విడియానే ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ టూల్ విడుదల చేసింది. అంటే తయారుచేసినవాళ్లే దాన్ని ఫర్మ్‌వేర్ పనిగా చూశారు, బోర్డు మార్చమనలేదు. పాత కార్డు లేదా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో సిస్టమ్ ఆన్ చేసి, బోర్డు బయోస్ అప్‌డేట్ చేసి, సీఎస్‌ఎం ఆపి, అప్పుడు కొత్త కార్డు పెట్టండి.

ఒక్క జాగ్రత్త. విండోస్ ఎప్పుడో లెగసీ పద్ధతిలో ఎంబీఆర్ డిస్క్ మీద వేసి ఉంటే, సీఎస్‌ఎం ఆపగానే విండోస్ బూట్ కాదు. భయపడి ఫార్మాట్ చేసేవాళ్లు చాలామంది. విండోస్ 10, 11లో ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే టూల్ ఉంది, డేటా పోకుండా డిస్క్‌ని మారుస్తుంది. అయినా సరే ముందు బ్యాకప్ తీసుకోండి.

ఇక నిజమైన మినహాయింపులు. నేను చెప్పేది వన్‌సైడ్‌గా ఉండకూడదు కాబట్టి ఇవి కూడా చెప్పాలి. ఇంటెల్ ఆర్క్ కార్డు కొంటుంటే బోర్డులో రీసైజబుల్ బార్ ఉండాలని ఇంటెలే చెప్తోంది. అది లేని పాత సిస్టమ్‌లో ఆర్క్ పెడితే పనితనం బాగా పడిపోతుంది. అక్కడ ‘నీ సిస్టమ్‌కి సరిపడదు’ అన్న షాపువాడు సరైన మాటే చెప్పాడు. రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇంకో కేసు. దానికి ఉన్నవి 4 లేన్లే. 4.0 స్లాట్‌లో పర్వాలేదు, 3.0 స్లాట్‌లో దారి సగమైపోతుంది, మెమరీ కూడా 4 జీబీనే కాబట్టి ఆ దెబ్బ గేమ్‌లో కనపడుతుంది. అదే 16 లేన్లున్న 3060కి 3.0 స్లాట్ వల్ల పోయేది చెప్పుకోదగ్గంత ఉండదు. చూశారా, ‘పీసీఐ 3, పీసీఐ 4’ అన్న వాదన మొత్తానికి అబద్ధం కాదు. ఏ కార్డు గురించి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది అడగకుండా అందరికీ ఒకే మందు రాయడమే నా అభ్యంతరం.

స్లాట్ దగ్గర ఇంకో రెండు మాటలు. కార్డు పై స్లాట్‌లోనే పెట్టండి. కింద అదే పొడవున్న స్లాట్‌లో చాలా బోర్డులకి 4 లేన్లే ఉంటాయి. జీపీయూ-జెడ్‌లో చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు ‘ఎక్స్16 1.1’ అని కనపడి గుండె జారుతుంది. అది కరెంటు ఆదా కోసం తగ్గిన వేగం. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ పెట్టి అప్పుడు చూడండి. కార్డుని నిలబెట్టడానికి రైజర్ కేబుల్ వాడుతున్నారా? 3.0 రైజర్ మీద 4.0 కార్డు పెడితే నల్ల స్క్రీన్లు వస్తాయి. బయోస్‌లో స్లాట్‌ని జెన్ 3కి దింపితే పోతాయి.

మన ఊళ్లకి సంబంధించిన ఇంకో అనుమానితుడు గోడ దగ్గరున్న యూపీఎస్. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్ల దాకే. పాత కార్డుతో పీసీ, మానిటర్ కలిపి అందులో ఇమిడిపోయాయి. కొత్త కార్డు వచ్చాక కరెంటు పోగానే బీప్ మని మొత్తం పడిపోతుంది. ఒకసారి యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్ నుంచి నడిపి చూస్తే తేలిపోతుంది.

షాపులవాళ్లని విలన్లుగా చూపించాలని నాకు లేదు. రోజుకి ఇరవై సిస్టమ్‌లు చూసే కుర్రాడికి ఒక్కోదాని మీద రెండు గంటలు పెట్టే తీరిక ఉండదు, టెస్ట్ చేసినందుకు డబ్బు ఇవ్వడానికి మనమూ ఇష్టపడం. ‘చూడటానికే మూడొందలా?’ అంటాం, తర్వాత 22 వేల కొటేషన్ చేతిలో పెట్టుకుని బేరమాడతాం. ఆ మూడొందలు సంతోషంగా ఇవ్వండి. బదులుగా ఒక్కటి అడగండి: “బోర్డు వల్లే అని ఎలా తేల్చారు? ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూశారా?” షాపులో ఇంకో ఎస్‌ఎంపీఎస్ లేకుండా ఉండదు. పెట్టి చూడటానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇవ్వనివాడికి మీ 22 వేలు ఇవ్వక్కర్లేదు. నావరకైతే ప్రతి షాపూ కార్డు అమ్మేముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో అడగాలి. ఆన్‌లైన్ సైట్లు ‘కొనండి’ బటన్ పక్కనే ఆ కార్డుకి కావాల్సిన వాట్లు, కనెక్టర్, పొడవు రాయాలి. కిందకి పది సార్లు స్క్రోల్ చేస్తే దొరికే పట్టికలో కాదు.

ఇన్నీ చూశాక కూడా కార్డే పోయిందని తేలే సందర్భాలుంటాయి. డ్రైవర్ ఇంకా లోడ్ కాని బయోస్ స్క్రీన్ మీదే చారలు, రంగు గడులు కనపడితే అనుమానం గట్టిగా కార్డు మీదే. సరైన పవర్ ఉన్న ఇంకో పీసీలో కూడా అలాగే చేస్తే ఇక వాదన లేదు. అప్పుడు ఆలస్యం చేయకుండా రెండు పీసీల్లోనూ వీడియో తీసి పెట్టుకుని, బిల్లు, బాక్సుతో సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. ఇచ్చేముందు కార్డు వెనక సీరియల్ నంబర్ కనపడేలా ఒక ఫొటో తీసి, వాళ్లిచ్చే రసీదు మీద అదే నంబర్ రాశారో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.